బమ్సెకి వచ్చిన సంబంధం

"వాణ్ణి కోయించావంటే నేనీ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండను! అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను... చెప్పానంతే!"

లీవా లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. రొట్టెకి వెన్న రాస్తున్న మెరెట చెయ్యి అలాగే ఆగిపోయింది. బల్లకింద పడుకున్న బమ్సె ఉలిక్కిపడి లేచి, ఎవరు ఎవర్ని తిడుతున్నారో అర్థంకాక, తోక ఊపాలో వద్దో తేల్చుకోలేక, ఇద్దరి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. పాపం, గొడవంతా తన గురించేనని దానికేం తెలుసు!

"కోయించడమేమిటి లీవా... డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా. వాడికి లోపల గ్రంథి వాచింది. ఒంటేలు పోసుకోవడానికి ఎంత అవస్థ పడుతున్నాడో చూస్తున్నావుగా? వృషణాలు తీసేస్తే వాపు దానంతటదే..."

"ఎన్నాళ్ళనుంచో చూస్తున్నావా, ఎప్పుడు తీసేయిద్దామా అని? వాడు మా అమ్మ కుక్క! అమ్మ నాకోసం తెచ్చిన కుక్క!"

మెరెట ఆశగా భర్త వైపు చూసింది. ఎస్బెన్ అప్పటికే గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు తొడుక్కుంటున్నాడు. ఊళ్ళో సగంమంది మగవాళ్ళలాగే అతనూ సముద్రపు పాయలో ఆల్చిప్పలు పట్టే పడవమీద పనిచేస్తాడు. "మీరిద్దరూ ఏదనుకుంటే అదే నాకూ..." అని గొణిగి తలుపు లాక్కుని వెళ్ళిపోయాడు. ఇంట్లో గొడవ మొదలయ్యే వేళకి మగవాళ్ళకి పడవ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది మరి!

ఈ రగడకి ఆజ్యం పోసింది గెర్డా ఫోను. వీళ్ళుండే లోగ్‌స్టోర్ ఊరికి అవతల పొలాల్లో ఉంటుందామె. బమ్సె పుట్టింది ఆమె పెరట్లోనే. పాతకాలపు వేటకుక్కల జాతి అది. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు మచ్చలు, గడపకి అడ్డంగా పడుకుంటే ఎవరూ దాటలేనంత నిండైన విగ్రహం. జాతి వేటదే అయినా బమ్సె జన్మలో ఒక్క పిట్టనీ పట్టలేదు. పొయ్యి పక్కన వెచ్చగా నిద్రపోవడమే దాని వృత్తి. అలాంటిదానికి సంబంధం వచ్చింది! "మా వియోలా ఇంకొన్ని వారాల్లో ఎదకొస్తుంది. మీవాడి వంశంలో ఇక మగకుక్క మిగల్లేదు. ఒక్కసారి జత కట్టనిస్తారా? బదులుగా ఈతలో మీకు నచ్చిన పిల్ల మీదే," అంది గెర్డా. ఆ ఫోను ఎత్తింది లీవా. అడిగిన క్షణమే ఒప్పేసుకుంది కూడా. ఆ మర్నాడే పశువుల డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తాడు.

మెరెట గదిలోకి వెళ్ళి మంచంమీద కూర్చుంది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఈ ఇంట్లో అడుగుపెట్టి నాలుగేళ్ళు! అప్పటికి ఎస్బెన్ మొదటి భార్య కిర్‌స్తీన పోయి రెండేళ్ళయింది. గోడమీద కిర్‌స్తీన ఫొటో తీయలేదు, కిర్‌స్తీన కొన్న కప్పులు మార్చలేదు, కిర్‌స్తీన కూతురి చేత 'అమ్మా' అని పిలిపించుకోవాలనీ చూడలేదు. ఊరి ఈతకొలనులో పసిపిల్లలకి నీళ్ళు అలవాటు చేయడం ఆమె ఉద్యోగం. తల్లుల చేతుల్లోంచి పిల్లల్ని అందుకోవడం, నీళ్ళలో ఊపి నవ్వించడం, మళ్ళీ ఎవరి పిల్లల్ని వాళ్ళకి ఇచ్చేయడం... ఇచ్చేయడం ఆమెకి బాగా అలవాటే. కానీ ఈ కుక్క సంగతి వేరు! వానలో, మంచులో రోజూ పొద్దున్నే దీన్ని నడిపించింది ఎవరు? దాని చెవులు కడిగింది ఎవరు? దానికి నొప్పి వచ్చిందని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది ఎవరు? అలాంటిది, ఇవాళ తనే దానికి పగదానిలా కనిపిస్తోందా!

ఆదివారం లీవా అమ్మమ్మ ఎల్లినోర్ భోజనానికి వచ్చింది. కూతురు పోయాక ఆవిడ నవ్వడం ఎవరూ చూడలేదు. మాట మాత్రం కత్తిలా ఉంటుంది. పంది మాంసం వేపుడూ బంగాళాదుంపలూ వడ్డన అయ్యేదాకా ఓపిక పట్టి, అప్పుడు మొదలుపెట్టింది.

"లీవా అంతా చెప్పింది. నా కూతురి గుర్తుగా ఈ ఇంట్లో మిగిలిన ప్రాణమున్న వస్తువు అదొక్కటే. దాని వంశం కూడా తుంచేయాలా నీకు?"

"నాకేం కక్షండీ... డాక్టరే చెప్పాడు. చీము పడితే ప్రాణానికే ముప్పట..."

"డాక్టర్లకేం, కోయమంటే కోస్తారు! పదిమందిని కన్నదాన్ని అడిగినా, ఒక్కదాన్ని కన్నదాన్ని అడిగినా చెబుతుంది సంతానమంటే ఏమిటో. కడుపు పండనిదానివి, నీకెలా తెలుస్తుందిలే!"

ఎస్బెన్ మొహం ఎర్రబడింది. "అత్తయ్యా!" అని, బంగాళాదుంపల గిన్నె తన వైపు లాక్కున్నాడు. లీవా ఫోర్కు కింద పెట్టేసింది. అమ్మమ్మ తన తరఫునే మాట్లాడుతోంది, నిజమే. అయినా ఆ మాట మెరెట మొహంలోకి ఎలా దిగిందో ఎదురుగా కూర్చుని చూసింది కదా!

"ఇంకొంచెం గ్రేవీ వేసుకోండి," అని మెరెట గిన్నె ఆవిడ వైపు జరిపి, వంటింట్లోకి వెళ్ళి కుళాయి పెద్దగా తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడు ఎందుకో ఆడవాళ్ళందరికీ తెలుసు!

మర్నాడు మెరెట డాక్టరుకి ఫోను చేసి, ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపొచ్చా అని అడిగింది. "చీము పట్టనంతవరకూ కొన్ని వారాలు ఆగొచ్చు. కానీ కనిపెట్టి చూడాలి," అన్నాడతను. ఫోను పెట్టేసి నేరుగా, ఎవరికీ చెప్పకుండా, గెర్డా ఇంటికి వెళ్ళింది. వాదించడానికి కాదు. ఆమెకి తెలుసుకోవాలనిపించింది. ఇంతమంది ఇంత పట్టుబడుతున్న ఆ వంశమేమిటి, ఆ పెళ్ళికూతురు ఎలా ఉంటుంది, అసలు ఏం జరుగుతుంది... చిన్నపిల్లలా ఒకటే కుతూహలం!

గెర్డా డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళదాకా బురద, చంకలో ఊతకర్ర. మెరెటని పైనుంచి కిందిదాకా చూసి, కాఫీ పోసి, ప్రశ్నలు మొదలుపెట్టింది. తిండి ఎలా తింటాడు? ఉరుములకి భయపడతాడా? పిల్లలు చెవి లాగితే ఏం చేస్తాడు? పళ్ళు సరిగ్గా కుదురుకున్నాయా? తుంటికి ఎక్స్‌రే తీయించారా? ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, అబద్ధమాడొద్దు!

"వీడి తండ్రి మా వాకిట్లోనే పోయాడు తల్లీ. అన్నదమ్ముల్లో ఒకడికి తుంటి బాగాలేదు, ఒకడు కారు కింద పడ్డాడు, ఇంకొకడికి ఏడాది నిండకుండానే ఆపరేషన్ చేయించేశారు. మిగిలింది మీవాడే."

"మీరేమీ అనుకోకపోతే... అసలు ఎలా జరుగుతుందండీ? వదిలేస్తే వాళ్ళే చూసుకుంటారా?"

గెర్డా పకపకా నవ్వింది. "పెళ్ళికూతురి తల్లికి రావలసిన బెంగ పెళ్ళికొడుకు తల్లికి వచ్చిందే! చూసుకుంటారు, చూసుకోకపోనూ వచ్చు. ఇంట్లో పెరిగిన కుక్కలతో అదే చిక్కు. చిన్నప్పణ్ణుంచీ దిండెక్కితే 'ఛీ', అతిథి కాలెక్కితే 'ఛీ' అని తిడతాం. తీరా అవసరమొచ్చినప్పుడు వాడు మన మొహం చూస్తాడు, తిడతామేమోనని! ఇంకోటి కూడా చెబుతా విను. ఒకసారి రుచి తెలిశాక ఇంట్లో మూలమూలా తడుపుతాడు. వీధిలో ఎవరి కుక్క ఎదకొచ్చినా అన్నం మానేసి గుమ్మం దగ్గర మూలుగుతాడు. ఇన్నాళ్ళూ నువ్వు పెంచింది పిల్లాణ్ణి. ఆ తర్వాత ఇంటికొచ్చేది మగాడు. ఆలోచించుకో!"

వియోలా వచ్చి మెరెట ఒళ్ళో తల పెట్టింది. బమ్సెలాగే కళ్ళు, కొంచెం సన్నటి మొహం. చెవులు వెల్వెట్‌లా ఉన్నాయి. 'దీని చెవులూ వాడి పాదాలూ వస్తే ఎలా ఉంటుందో...' అనుకుంది మెరెట. అనుకుని తనే ఆశ్చర్యపోయింది.

బయల్దేరబోతుంటే గెర్డా అంది: "కిర్‌స్తీన వచ్చిన రోజు నాకింకా గుర్తే. తలకి గుడ్డ కట్టుకునుంది. జబ్బని చూడగానే తెలిసింది. 'నీ తర్వాత దీన్ని చూసేదెవరు?' అని మొహమ్మీదే అడిగాను. అందర్నీ అడుగుతాను నేను. ఆ అమ్మాయి ఏడవలేదు. 'ఎవరో ఒకరు వస్తారులెండి. ఇంత పెద్ద కుక్క ఉందని తెలిసి కూడా ఆ ఇంటికి వచ్చే మనిషి మరీ చెడ్డదై ఉండదు' అంది. ఆ వచ్చింది నువ్వన్నమాట!"

మెరెట తల ఊపి, కారెక్కి, మలుపు తిరిగాక ఆపుకుని, కారులో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది... ఒక్కసారైనా చూడని మనిషి కోసం!

ఇంటికొచ్చి లీవాతో అంది: "సరే. ఎక్స్‌రే తీయిద్దాం. కుక్కల పోటీల్లో న్యాయనిర్ణేతగా ఉండేవాళ్ళెవరైనా చూసి సరేనంటే, ఒక్కసారి తీసుకెళ్దాం. ఆ వెంటనే ఆపరేషన్. ఈలోగా వాడికి ఏ మాత్రం ఎక్కువైనా ఆగిపోవాలి. ఒప్పుకుంటావా?"

లీవా నమ్మలేనట్టు చూసింది. "నిజంగానా? ఎందుకు మనసు మారింది?"

"పిల్లల చెవులు ఎలా ఉంటాయో చూడాలనిపించింది," అంది మెరెట. గెర్డా చెప్పిన మిగతా మాట మాత్రం కడుపులోనే దాచుకుంది.

తుంటి బాగుందన్నారు. పళ్ళు బాగున్నాయన్నారు. న్యాయనిర్ణేతగా ఉండే ఒక ముసలాయన వచ్చి బమ్సెని నడిపించి, నిలబెట్టి, తోక కొలిచి, "రాజులా ఉన్నాడు" అని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ వారాల్లో ఇంట్లో ఏదో పెళ్ళి సందడి! ఎస్బెన్ కూడా పడవనుంచి వస్తూనే "పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడు?" అనేవాడు. మెరెట సంగతి చెప్పనే అక్కర్లేదు. దుకాణంలో చిన్న బుట్ట కనిపిస్తే ఆగి తడిమి చూసేది. పొయ్యి పక్కన రెండో పరుపుకి చోటుందా అని కళ్ళతోనే కొలిచేది. ఈ ఇంట్లో ప్రతిదీ తను రాకముందు మొదలైందే. ఆ కుక్కపిల్ల ఒక్కటే... తను వచ్చాక మొదలయ్యే ప్రాణం! ఆ ఆలోచన రాగానే సిగ్గేసేది. అయినా మళ్ళీ మళ్ళీ వచ్చేది.

అనుకున్న రోజు ఇద్దరూ బమ్సెని గెర్డా పెరట్లోకి తీసుకెళ్ళారు. వియోలా వగలు పోతూ చుట్టూ తిరిగింది, తోక పక్కకి తిప్పి నిలబడింది. బమ్సె వాసన చూసింది, ఒళ్ళంతా వణికింది, రెండడుగులు ముందుకు వేసింది... అంతే! గిరుక్కున వెనక్కి తిరిగి, పరుగున వచ్చి, మెరెట పాదాలమీద కూర్చుండిపోయింది. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా మొహం పైకెత్తి ఆమెనే చూస్తోంది.

"వెళ్ళరా... వెళ్ళు నాన్నా! ఇవాళ ఏమీ అనను!" అని మెరెట బతిమాలింది. అది కదల్లేదు. గెర్డా పొట్ట పట్టుకుని నవ్వింది.

"నువ్వు కనపడుతున్నంతసేపూ వాడికి ధైర్యం చాలదు. నువ్వెళ్ళి పశువుల కొట్టంలో కూర్చో తల్లీ!"

మెరెట వెళ్ళి గడ్డిమోపుమీద కూర్చుని చెవులు రిక్కించింది. బయట లీవా బుజ్జగింపులు, గెర్డా గొణుగుడు, కాసేపు ఏమీ లేదు... ఆ తర్వాత కొట్టం తలుపు గీరుతున్న చప్పుడు! బమ్సె ఆమెని వెతుక్కుంటూ వచ్చేసింది.

"ఇవాళ్టికి కాదు. ఎల్లుండి మళ్ళీ తీసుకురండి, అప్పటికీ అదను దాటిపోదు," అంది గెర్డా.

తిరుగు ప్రయాణంలో లీవా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక అంది: "వాడు నన్ను చూడలేదు మెరెట. నేను పక్కనే ఉన్నా నిన్నే వెతుక్కున్నాడు... ఎప్పుడు నీవాడైపోయాడు?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. అందుకే మెరెటకి మరీ కష్టమనిపించింది. "నాకు తెలీదు లీవా... రోజూ నడిపించాను, అంతే..."

మూడోనాటి పొద్దున బమ్సెని బయటికి తీసుకెళ్ళింది లీవాయే. తెలతెల్లవారుతూ పెరడంతా మంచు కప్పుకుని ఉంది. బమ్సె వంగింది, నిలబడింది, మళ్ళీ వంగింది. ఒక్క చుక్క రాలేదు. ఉన్నట్టుండి పసిబిడ్డలా కీచుమని ఏడ్చింది. ఆ తెల్లటి మంచుమీద నెత్తురు!

లీవా దాన్ని పొదివి పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. గెర్డా! "ఇవాళే మంచి రోజు, మధ్యాహ్నంలోపు తీసుకురండి" అంటోంది. మెరెట ఫోను పెట్టేసి, బమ్సెని చూసింది, లీవా చేతికంటిన నెత్తురు చూసింది. అయినా ఆమె చెయ్యి కారు తాళాలమీదికే వెళ్ళింది!

"ఒక్క గంట... ఒక్క గంటే కదా లీవా? అటునుంచి అటే డాక్టరు దగ్గరికి పోదాం. ఇంతదాకా వచ్చాక..."

"వద్దు మెరెట."

"నీకు ఇష్టమేగా? మీ అమ్మ గుర్తు..."

"వద్దన్నానా!" లీవా నేలమీద కూర్చుని బమ్సె మెడ చుట్టూ చేతులు వేసింది. కళ్ళనుంచి బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. "గుర్తు కోసం వీణ్ణి ఇలా ఏడిపిస్తే అమ్మ ఊరుకునేదా? మొన్న నువ్వు కొట్టంలో ఉన్నప్పుడు గెర్డా నాకంతా చెప్పింది. తర్వాత ఎవరో ఒకరు వస్తారని అమ్మ అన్న మాట... నీకు ముందే తెలుసటగా! నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నేను మంచిదాన్నని మీ అమ్మే చెప్పిందని నా నోటితో నేనే చెప్పుకోవాలా?"

తాళాలు చేతిలోంచి జారి కిందపడ్డాయి. మెరెట కూడా నేలమీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "నాకు ఆ పిల్ల కావాలనిపించింది లీవా... వీడికి నొప్పిగా ఉందని తెలిసి కూడా... ఛీ! నేనేం మనిషిని..."

లీవా ఒక చెయ్యి కుక్కమీద ఉంచి, రెండో చెయ్యి చాచి ఆమె భుజంమీద వేసింది. అలా ముగ్గురూ కాసేపు వంటింటి నేలమీదే ఉండిపోయారు. తర్వాత గెర్డాకి ఫోను చేసి రావడం లేదని చెప్పింది లీవాయే. "పోనీలే. వంశం కోసం కుక్కని చంపుకుంటామా! వాడు జాగ్రత్త," అని పెట్టేసిందట గెర్డా.

ఆస్పత్రిలో నర్సు బయటికి వచ్చి, "మత్తు ఎక్కేదాకా ఒక్కరే పక్కనుండాలి. ఎవరి కుక్క?" అని అడిగింది.

మెరెట అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది. లీవా గొలుసు ఆమె చేతిలో పెట్టింది. "ఈవిడది. ఈవిడుంటేనే వాడికి ధైర్యం."

అప్పుడే చీము మొదలైందట. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. సాయంత్రానికి బమ్సె, కుట్లు నాక్కోకుండా మెడకి గరాటులాంటి అట్ట కట్టించుకుని ఇంటికొచ్చింది. ఎస్బెన్ ఆ రోజు పడవ ఎక్కలేదు. పొద్దుటినుంచీ వాకిట్లోనే తచ్చాడుతున్నాడు. కాసేపటికి ఎల్లినోర్ కూడా వచ్చింది, చేతిలో ఉడికించిన లివర్ గిన్నెతో. గుమ్మంలోనే నిలబడి, నేల చూపులు చూస్తూ, "నీకు క్షమాపణ చెప్పేదాకా నా గడప తొక్కనందమ్మా నా మనవరాలు," అంది. "అది చెప్పిందని కాదులే... ఆ రోజు నేనన్న మాట మంచిది కాదు. కూతురు పోయినప్పణ్ణుంచీ నా నోరు నా చేతిలో లేదు." మెరెట గిన్నె అందుకుని, "లోపలికి రండి, చలిగా ఉంది," అంది. ఆ ఇద్దరి మధ్యా అంతకంటే మాటలు నడవలేదు. కానీ ఆవిడ వెళ్ళేటప్పుడు మెరెట చెంప ఒకసారి నిమిరింది.

మత్తు వదలని బమ్సె తూలుతూ లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు, ఎవరి దగ్గరికి వెళ్తుందోనని! అది మెరెటని దాటింది, లీవానీ దాటింది, లివర్ గిన్నె వైపైనా చూడలేదు. గరాటు గోడలకి గుద్దుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, ఆల్చిప్పల కంపు కొడుతున్న ఎస్బెన్ బూట్లమీద దబ్బున పడి గుర్రుపెట్టింది. "చూశారా! ఏమీ తేల్చనివాడికే ప్రేమంతా!" అని లీవా పగలబడి నవ్వింది. మెరెట కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

వసంతంలో వియోలాకి వేరే జిల్లా కుక్కతో జత కుదిరింది. పిల్లలు పుట్టాయని గెర్డా కబురు పెడితే ఇద్దరూ చూడ్డానికి వెళ్ళారు. తీసుకోవడానికి కాదు, ఊరికే చూడ్డానికి. లీవా ఒక్కో పిల్లనీ ఎత్తి చెవులు పరీక్షించింది. మెరెట ఒకదాన్ని గుండెకి హత్తుకుని చాలాసేపు కూర్చుని, తర్వాత జాగ్రత్తగా తల్లి పక్కన పడుకోబెట్టింది.

గెర్డా కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళింది. లీవా గడ్డిమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, మెరెట వైపు చూడకుండానే అడిగింది: "మెరెట... ఒకటి అడగనా? చెప్పాలని లేకపోతే చెప్పకు. నీకు పిల్లలు అక్కర్లేదనుకున్నావా? లేకపోతే..."

మెరెట తల్లి పక్కనున్న కుక్కపిల్ల వీపు నిమిరింది. జాలిపడ్డవాళ్ళున్నారు, దెప్పినవాళ్ళున్నారు. ఎస్బెన్ అయితే బాధపెట్టడం ఇష్టంలేక ఆ మాటే ఎత్తడు. తెలుసుకోవాలని అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

"కావాలనుకున్నాను," అంది. "మీ నాన్న పరిచయం కాకముందు... రెండుసార్లు కడుపు నిలిచింది. మొదటిది తొందరగానే పోయింది. రెండోది... దాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. చిన్నది, ఇంతే ఉంది. ఊపిరి లేదు."

లీవా నెమ్మదిగా ఇటు తిరిగింది. "పేరు పెట్టుకున్నావా?"

"తిల్డె."

"తిల్డె," అంది లీవా. ఆ మాట మరిచిపోకూడదన్నట్టు మరోసారి పలికింది. "తిల్డె... చెవులు ఎలా ఉండేవి?"

మెరెట అప్పుడు, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారిగా, ఆ చెవులు ఎలా ఉండేవో ఒకరికి చెప్పడం మొదలుపెట్టింది.